రాశులును ఋతువులును

కల్లూరు ప్రాంతపు రైతు ప్రత్తి విత్తుటకు మృగశిర కార్తెను కనిపెట్టుకొని యుండును. కార్తె యనఁగా సూర్యుఁ డొక నక్షత్రభాగమును దాఁటు కాలము. ఇంచుమించు 14 దినములు. రెండుంబాతిక నక్షత్రము లొక రాశి. సూర్యుఁడు రాశి మాఱుటయే సంక్రాంతి.

అయితే ఋతువులు నక్షత్రములను బట్టి నడువవు. అయనచలనముచేత సుమారు 72 సంవత్సరముల కొక దినము చొప్పున కార్తెలు ఋతువులకు వెనుకఁబడుచున్నవి. వేయేండ్ల క్రిందట మృగశిర పడిన యెండలలో నేఁడు రోహిణి పడుచున్నది. సూర్యుని ఉత్తరగమనము డిసెంబరు 21, 22 తేదీలలోనే ప్రారంభము కాఁగా, మకరసంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చుచున్నది. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతను భారత ప్రభుత్వము నియమించిన పంచాంగ సంస్కరణ సంఘ మీ యంతరమును విచారించినది.

పండుగలను మార్పుమని మేము కోరుట లేదు. పండుగకు రాశియే ప్రమాణ మగుఁ గాక. విత్తునకు మాత్రము నేలతడియే ప్రమాణము. మృగశిర వచ్చినదని పొడినేలలో నాటిన గింజ మొలవకున్న, అప్పు తీర్చువాఁడు పంచాంగకర్త కాఁడు, రైతే.