'నచ్చలేదు మావా' అనే ముందు...

అభిమానిని మించిన కఠినమైన విమర్శకుడు ఈ లోకంలో ఇంకొకడు లేడు! విమర్శకుడికేం, వారానికి నాలుగు సినిమాలు, ఇరవై పాటలు. ఒకటి బాగోకపోతే ఇంకొకటి. రాసేసి, కలం మూసేసి, హాయిగా నిద్రపోతాడు. అభిమానికి ఆ సుఖం లేదు. తన దేవుడు ఒక్క స్వరం అటూ ఇటూ వేశాడంటే ఆ పూట అన్నం సయించదు. మర్నాడు పొద్దున్నే టీకొట్టు దగ్గర పంచాయితీ మొదలు!

ఏళ్లు గడిచినా అలా పంచాయితీ తెగని ఆల్బమ్ ఒకటుంది. ఇళయరాజా స్వరపరచిన 'ఎటో వెళ్ళిపోయింది మనసు'. 2012లో వచ్చింది. గౌతమ్ మీనన్ దర్శకుడు, నాని - సమంత జంట, పాటలు అనంత శ్రీరామ్. మొత్తం ఎనిమిది పాటలు. రాజా అభిమానుల్ని ఓ పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి ఈ పేరెత్తి చూడండి, పావుగంటలో రెండు పార్టీలైపోతారు. ఒకాయన "పెద్దాయన మళ్లీ కుర్రాడైపోయాడు గురూ!" అంటాడు. పక్కాయన ఆ ఆల్బమ్‌లోని ఓ పాట పేరుతోనే జవాబు చెబుతాడు: "నచ్చలేదు మావా!"

ముందు కాస్త పూర్వకథ

గౌతమ్ మీనన్ అంతకుముందు సినిమాలకి హారిస్ జయరాజ్, తర్వాత ఏ.ఆర్. రెహమాన్ సంగీతం ఇచ్చారు. 2010లో 'ఏ మాయ చేసావె' పాటలు మన కుర్రకారుని ఎలా ఊపేశాయో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి దర్శకుడు ఆ తర్వాతి ప్రేమకథకి ఇళయరాజా దగ్గరికి వెళ్లాడు. అప్పటికి రాజాకి 69 ఏళ్లు. హీరో హీరోయిన్లకి ఆయన మనవల ఈడు!

ఆశ ఎక్కడ పుట్టిందంటే అక్కడే పుట్టింది. 'సాగర సంగమం', 'అభిలాష' 1983లో. 'రుద్రవీణ' 1988లో. 'గీతాంజలి' 1989లో. వీటిలో 'సాగర సంగమం', 'రుద్రవీణ' రెండూ ఆయనకి జాతీయ అవార్డు తెచ్చిపెట్టాయి. ఆ రాజా తిరిగొస్తున్నాడని అభిమానులు కాచుకు కూర్చున్నారు. పైగా ఈసారి విదేశీ వాద్యబృందంతో రికార్డింగు అన్న కబురు. ఇంకేం!

ఓ తమాషా చూశారా? తమిళంలో ఈ సినిమా పేరు 'నీదానే ఎన్ పొన్‌వసంతం'. 1982లో 'నినైవెల్లాం నిత్య' చిత్రానికి రాజా చేసిన పాట నుంచి పుట్టిన పేరది. తెలుగు పేరు మాత్రం 'నిన్నే పెళ్ళాడతా'లోని పాటది. 1996 నాటి ఆ బాణీ సందీప్ చౌతాది! అంటే అరవంలో రాజా తన పాత పాటతోనే పోటీ పడ్డాడు, తెలుగులో ఇంకొకరి పాట పేరు మోశాడు. పాత జ్ఞాపకాల బరువు టైటిల్ కార్డు నుంచే మొదలైందన్నమాట.

అసలు గొడవేమిటి?

నచ్చనివాళ్ల ఫిర్యాదులు వరసగా రాసుకుంటే ఇలా వస్తాయి. ఒకటి, మొదటిసారి వినగానే నోటికి అంటుకోలేదు. రెండు, వయొలిన్ల జోరు ఎక్కువైంది, దాని కింద మాట వినపడదు. మూడు, రెండు భాషల్లో ఒకేసారి తయారైన సినిమా కాబట్టి కొన్నిచోట్ల తెలుగు మాట బాణీలో ఇరుకుగా కూర్చుంది. నాలుగు, గొంతుల ఎంపిక. తమిళంలోనైతే యువన్ శంకర్ రాజా చేత పాడించడం మీద పెద్ద రగడే జరిగింది. ఇక ఐదోది, అన్నిటికంటే పెద్దది: 'గీతాంజలి'లా లేదు!

నచ్చినవాళ్ల వాదనా వినండి. ఇక్కడ వయొలిన్లు ఖాళీ పూరించడానికి వాయించినవి కావు. గాయకుడు ఒక దారిన పోతుంటే అవి ఇంకో దారిన నడుస్తాయి. రెండు దారులూ చరణం చివర కలుస్తాయి. అడుగున బేస్ గిటార్ తన కథ తాను చెప్పుకుంటూనే ఉంటుంది. ఇది 'గీతాంజలి' నాడూ రాజా చేసిన పనే. కాకపోతే అప్పుడు డప్పు ముందు నడిచేది, ఇప్పుడు తీగలు ముందు నడుస్తున్నాయి. 'నచ్చలేదు మావా' పాటే తీసుకోండి. రాక్ గిటార్ గర్జనతో మొదలై, సగంలో పూర్తిగా వేషం మార్చేస్తుంది. ముసలాయనకి ఈ రాక్ మోజేమిటని నవ్వినవాళ్లున్నారు. గిటార్ ఆయనకి నిన్నటి ముచ్చటా? సినిమాల్లోకి రాకముందు అన్నదమ్ములతో 'పావలార్ బ్రదర్స్' బృందంలో ఊరూరా తిరిగినవాడు. సంగీత దర్శకుడు కాకముందు సలీల్ చౌదరి దగ్గర గిటార్ వాయించినవాడు!

మరి విమర్శకులో? వాళ్లలో చాలామందికి వచ్చిన చిక్కు వేరు. సినిమా ఆశించినంత ఆడలేదు. మాటలెక్కువ, నడక నిదానం అన్నారు. ఆ అసంతృప్తి పాటల పద్దులోనూ పడిపోయింది. సినిమా ఆడకపోతే పాట కూడా ముద్దాయి బోనెక్కడం మన దగ్గర పాత ఆచారమే కదా! చివరికి 2012 సంవత్సరపు నంది అవార్డులు 2017 మార్చిలో ప్రకటించారు. ఉత్తమ నటుడు నాని, ఉత్తమ నటి సమంత, ఉత్తమ సంగీత దర్శకుడు ఇళయరాజా. మూడూ ఈ సినిమాకే! తీర్పు వచ్చేసరికి నాలుగేళ్లు దాటింది. వాదించినవాళ్లు సగంమంది వేరే గొడవల్లో పడిపోయారు.

రాక్ వాళ్లకీ తప్పలేదు

ఈ తంటా మన సినిమా పాటకే అనుకోకండి. ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌నే చూడండి. సరిగ్గా మన 'సాగర సంగమం' వచ్చిన 1983లోనే వాళ్ల 'ది ఫైనల్ కట్' విడుదలైంది. ఇంగ్లండులో అమ్మకాల్లో మొదటి స్థానం. అమెరికా పత్రిక 'రోలింగ్ స్టోన్' ఏకంగా ఐదు నక్షత్రాలు ఇచ్చేసింది. కానీ అభిమానుల్లో ఎందరో మొహం ముడుచుకున్నారు. "ఇది పింక్ ఫ్లాయిడ్ రికార్డా? రోజర్ వాటర్స్ సొంత రికార్డా?" అని. కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ అప్పటికే బయటికెళ్లిపోయాడు. గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ ముఖ్య గాయకుడిగా గొంతు విప్పింది ఒక్క పాటలోనే. ఆల్బమ్ వచ్చిన రెండేళ్లకి వాటర్స్ కూడా బృందం వదిలేశాడు.

విమర్శకుడు ఐదు నక్షత్రాలిచ్చిన చోట అభిమాని ఎందుకు అలిగాడు? విమర్శకుడు చేతిలో ఉన్న రికార్డు విన్నాడు. అభిమాని మాత్రం లేని గొంతుల కోసం చెవి రిక్కించాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. కాకపోతే ఇద్దరూ ఒకే రికార్డు గురించి మాట్లాడలేదు!

షిఫ్టు బస్సులో తీర్పు

మా పరవాడలో సింహాద్రి థర్మల్ ప్లాంటు, ఫార్మా సిటీ ఉండటం వల్ల ఊళ్లో సగం జీవితం షిఫ్టు బస్సుల్లోనే నడుస్తుంది. పాటల మీద నికార్సైన విమర్శ వినాలంటే బీ షిఫ్టు దిగి ఇంటికెళ్లే బస్సెక్కాలి. అలసిపోయిన మనిషి మొహమాటపడడు.

ఆమధ్య ఓ రాత్రి అలాంటి బస్సులోనే ఈ ఆల్బమ్ మీద వాదన లేచింది. యాభై దాటిన ఆపరేటరు ఒకాయన తేల్చి పారేశాడు. "రాజా అంటే 'గీతాంజలి'తో సరి. గాజువాకలో క్యాసెట్ కొని టేపు తెగిపోయేదాకా విన్నాను. ఈ కొత్తవాటిలో ఏటుంది?"

వెనక సీట్లోంచి ముప్ఫై ఏళ్ల కెమిస్టు కుర్రాడు అందుకున్నాడు. "అలాగంటావేటి బాబాయ్! నీకు 'గీతాంజలి' ఎలాగో నాకిది అలాగ. ఇంటర్ సెకండియర్ పరీక్షలప్పుడు చెవిలో ఇదే మోగేది. సరేగానీ... 'గీతాంజలి' టేపు తెగేదాకా విన్నావు కదా, దీన్నెన్నిసార్లు విన్నావు?"

ఆయన కాసేపాగి, "రెండు పాటలు... ఒకసారి" అన్నాడు. బస్సంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వేశాడు.

నన్నడిగితే ఆ ప్రశ్నలోనే మొత్తం సమీక్ష ఉంది! పాత పాటకి మనం వందసార్లు అవకాశమిచ్చాం. దానితో పాటు మన పదహారో ఏడు, మొదటి సైకిలు, ఎవరికీ ఇవ్వని ఉత్తరం, అన్నీ అంటుకుని ఉన్నాయి. కొత్త పాట ఒంటరిగా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఒక్కసారి విని, తలుపేసి, "ఆ కాలం రాదండీ" అంటాం. ఈలోగా ఆ పాటకీ ఎవరో పదహారేళ్లవాళ్లు దొరుకుతారు. వాళ్లకి అదే ఆ కాలమైపోతుంది!

ఇంకో సంగతి కూడా ఉంది. మన ప్రాంతంలో అమ్మవారి పండగకో, చవితి పందిట్లోనో ఆర్కెస్ట్రా పెడితే రాజా పాటలు లేకుండా తెల్లారదు. అన్నీ పాతవే. రెండు కీబోర్డులు, ఒక రిథమ్ ప్యాడ్ ఉంటే 'అభిలాష' పాటలు ఎత్తుకోవచ్చు. అన్ని వయొలిన్లతో అల్లిన పాటని ఆ పందిట్లో ఎలా వాయిస్తారు పాపం? పాట స్టేజీ ఎక్కకపోతే ఊరి నోట్లో పడదు. ఊరి నోట్లో పడకపోతే 'ఆడలేదు' అనేస్తాం. అది పాట తప్పు కాదు, దారి ఖర్చు ఎక్కువ!

ఇంతకీ మన మాట?

ఫిర్యాదుల్లో న్యాయమైనవి లేకపోలేదు. మాట వినపడలేదన్నది నిజంగా ఫిర్యాదే. తెలుగువాడికి పాటంటే సగం సాహిత్యం. అక్కడ రాజీ పడితే ఎంత వాద్యబృందమున్నా లోటు లోటే. గొంతు నప్పలేదన్నదీ వినదగ్గ మాటే. కానీ 'పాతదానిలా లేదు' అన్నది ఫిర్యాదు కాదు, బెంగ. బెంగ పడొచ్చు. దాన్ని సమీక్ష పేరుతో అచ్చేస్తేనే చిక్కు.

ఎందుకంటారా? పాతవాటికే చప్పట్లు కొడుతూ పోతే, కళాకారుడు చివరికి తన పాత పాటల మ్యూజియానికి తనే వాచ్‌మన్ కావాల్సొస్తుంది. కచేరీ పెట్టినప్పుడల్లా అవే పాటలు, అవే ఈలలు. రాజా మొండివాడు కాబట్టి లొంగలేదు. ఎనభై దాటాక, 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో తన సింఫనీ 'వేలియంట్' వినిపించాడు! అందరికీ అంత మొండితనం ఉండదు. రెండో ఆల్బమ్ దగ్గరే "మొదటిదానిలా లేదు" అనిపించుకుని, భయపడి, మొదటిదాన్నే తిరగేసి కొడుతున్న కుర్ర సంగీత దర్శకులు మనకి కరువా?

అంచేత పాఠక మిత్రులకు ఒక చిన్న పరీక్ష. ఈ ఆదివారం ఆ ఎనిమిది పాటలూ చెవిలో పెట్టుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి గొంతు కోసం, రెండోసారి తీగల కోసం, మూడోసారి అడుగున నడిచే బేస్ గిటార్ కోసం. ఆ తర్వాత కూడా మనసు ఎటూ వెళ్లకుండా కూర్చున్నచోటే ఉంటే, గట్టిగా అనేయండి "నచ్చలేదు మావా!" అని. అప్పుడా మాటకి విలువుంటుంది. కాదనడానికి రాజా వీరాభిమానులక్కూడా నోరు రాదు!