జబ్బు రాకముందే మన మట్టిని పరీక్షకు పంపుదాం

ఉంగుటూరు, తేలప్రోలు, ఆత్కూరు రైతులారా, రైతమ్మలారా!

2020 డిసెంబరు మొదటి వారం ఎవరం మరిచిపోలేదు. ఏలూరులో పిల్లలూ పెద్దలూ ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఆరువందల మందికి పైగా జబ్బుపడ్డారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఆ తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. జనం పడిపోయాకే నీళ్లూ పాలూ కూరగాయలూ పరీక్షకు వెళ్లాయి. మన దగ్గర ఆ వరస తిరగబడాలని, పరీక్షే ముందు జరగాలని ఈ విజ్ఞప్తి రాస్తున్నాను.

"సాయిల్ హెల్త్ కార్డు ఉందిగా" అంటారు. 2015లో మొదలైన ఆ కార్డులో పన్నెండు అంశాలు చూస్తారు. రాగి, జింకు అందులో ఉన్నాయి, కానీ పంటకు చాలుతున్నాయా లేదా అన్నదే దాని లెక్క. మితిమీరాయా అన్నది కాదు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం అందులో లేనే లేవు.

మన మామిడి తోటల సంగతే చూడండి. బోర్డో మిశ్రమానికి వంద లీటర్ల నీళ్లలో కిలో మైలుతుత్తం, కిలో సున్నం కలుపుతాం. ఆ కిలో మైలుతుత్తంలో పావుకిలో రాగి. ఆకు మీద పడ్డది వానకు కడుక్కుని పాదులోకి దిగుతుంది. రాగి కుళ్లదు, ఆవిరి కాదు. పై జానెడు మట్టిలోనే పేరుకుంటుంది. ముందు దెబ్బ తినేది వానపాములు. ఈ మందు 1880ల్లో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో పుట్టింది. ఇప్పుడు ఆ ఐరోపాలోనే ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదని కట్టడి పెట్టారు. మందు మానేయమని నేననను, తెగులు మాటేమిటని మీరడుగుతారు. ఇన్నేళ్ల పిచికారీకి పాదులో ఎంత నిలిచిందో తెలియాలి కదా?

భాస్వరం ఎరువుతో కొద్దికొద్దిగా కాడ్మియం వస్తుంది. పట్నం చెత్తతో చేసిన కంపోస్టులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. లారీ దింపించుకునే ముందు ఆ పరీక్ష కాగితం అడగండి. సీసం ఉండే పాత బ్యాటరీని గట్టు మీద పగలగొట్టవద్దు. 2000 దాకా సీసం కలిపిన పెట్రోలుతో బళ్లు తిరిగాయి కాబట్టి హైవే పక్క పొలాల వాళ్లు మరీ ముఖ్యంగా పరీక్ష చేయించాలి.

మామిడికాయను చూసి ఎవరూ బెదరనక్కర్లేదు. సీసం చాలా మటుకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, పండు దాకా వెళ్లేది బహు స్వల్పం. నా భయం ఆకుకూరల గురించి, తోటలో ఆడుకుని చెయ్యి కడగకుండా నోట్లో పెట్టుకునే పసివాళ్ల గురించి. సీసానికి ఇంతవరకు ఫరవాలేదన్న హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పర్యావరణానికి ముప్పు లెక్కగట్టడానికి 1980లో హాకన్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. అందులో జింకు విషగుణానికి 1 వేస్తే సీసానికి 5, కాడ్మియానికి 30, పాదరసానికి 40. అంటే కాడ్మియం కాస్త పెరిగినా ముప్పు పెద్దదే. నేల పులుపెక్కితే ఈ లోహాలు కరిగి మొక్కలోకి సులువుగా పోతాయి. సున్నపు పాలున్న నల్లరేగడి వాటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. అందుకే మెట్టన ఎర్రనేల వాళ్లు ముందుకు రావాలి.

కోతలు అయ్యాక, తొలకరికి ముందు పది తోటల వాళ్లం కలిసి మట్టి తీద్దాం. వచ్చే గ్రామసభలో ఒకే అర్జీ పెట్టి, ఈ లోహాల పరీక్ష కూడా కావాలని వ్యవసాయ, ఉద్యాన అధికారులను అడుగుదాం. నూజివీడు మామిడి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలను మన తోటలకు పిలుద్దాం. పాదులో జానెడు లోతు మట్టి ఒక సంచిలో, దాని కింది జానెడు వేరే సంచిలో వేయండి. జింకు పూత పూసిన రేకు పార వాడితే లెక్క తప్పుతుంది. చెక్క ముక్కతో తీయండి. సంచి మీద సర్వే నంబరు, ఏ మందు ఎన్నేళ్లుగా కొడుతున్నారో రాయండి.

వీటితో పోల్చి చూడటానికి ఏ మందూ ఎరువూ పడని నేల నుంచి ఒక నమూనా కావాలి. దున్నని బంజరో, పాత చింతచెట్టు మొదలో, అలాంటి చోటు మీ ఎరుకలో ఉంటే గ్రామసభకు వచ్చి చెప్పండి. మొదటి సంచి అక్కడే నింపుదాం.