ఇంటి సోలార్, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ అదుపుపై తీర్మానం

విద్యుత్ వినియోగదారుల సర్వసభ్య సమావేశం, అనకాపల్లి

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల యూనిట్‌కు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. మన డాబాల మీద సోలార్ పలకలు పెరగడాన్ని ఈ సమావేశం మనసారా స్వాగతిస్తోంది. వాటితోపాటు లైన్లు కూడా మారాలని గట్టిగా కోరుతోంది.

2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుంచి దేశమంతటికీ ఫ్రీక్వెన్సీ ఒక్కటే. దాన్ని 50 హెర్ట్జ్ దగ్గర నిలిపే పని లోడ్ డిస్పాచ్ కేంద్రాలది. పరవాడ సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో తిరిగే బరువైన రోటర్లు, ఉత్పత్తికీ వాడకానికీ మధ్య హఠాత్తుగా తేడా వస్తే కొన్ని క్షణాలు గ్రిడ్‌ను ఆదుకుంటాయి. అక్కడి జలాశయంపై 2021లో వచ్చిన 25 మెగావాట్ల తేలియాడే సోలార్‌కు గానీ, మన ఇళ్ల పలకలకు గానీ అలా తిరిగే బరువు లేదు. జర్మనీలో ఒకప్పుడు చాలా సోలార్ ఇన్వర్టర్లు 50.2 హెర్ట్జ్ వద్ద ఒక్కసారిగా ఆగిపోయేలా ఉండేవి. ఆ ప్రమాదాన్ని గుర్తించి, 2012లో నిబంధన తెచ్చి, లక్షల ఇన్వర్టర్లను సరిచేయాల్సి వచ్చింది. మనం ఆ ఖర్చు ముందే తప్పించుకోవచ్చు.

వోల్టేజీ సంగతి వేరు. అది ఏ వీధికి ఆ వీధిదే. మధ్యాహ్నం ఇళ్లలో వాడకం తక్కువ, ఉత్పత్తి ఎక్కువ. మిగిలిన కరెంటు సన్నని ఎల్‌టీ (లో టెన్షన్) తీగల గుండా ట్రాన్స్‌ఫార్మర్ వైపు వెళ్లేటప్పుడు లైను చివరి ఇంటి దగ్గర వోల్టేజీ పెరుగుతుంది. హద్దు దాటితే ఇన్వర్టర్ ఆగిపోతుంది. పలకలకు అందరితో సమానంగా డబ్బు కట్టిన చివరి ఇంటివారే, ఎండ బాగా కాసే వేళ యూనిట్లు కోల్పోతారు. ఇది అన్యాయమని ఈ సమావేశం భావిస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజీ తగ్గిస్తే మధ్యాహ్నం బాగుంటుంది కానీ, సాయంత్రం పలకలు ఆగి వాడకం పెరిగాక అదే ఇంట్లో ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. సరఫరా కోసి ట్యాప్ మార్చడం రోజుకు రెండుసార్లు అయ్యే పని కాదు.

కాబట్టి ఈ దిగువ విధంగా తీర్మానించడమైనది.

కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడే ఇన్వర్టర్‌లో వోల్టేజీని సర్దే రియాక్టివ్ పవర్ అదుపును పనిచేయించాలి. వోల్టేజీ గానీ ఫ్రీక్వెన్సీ గానీ పెరిగితే ఉత్పత్తి ఒక్కసారిగా ఆగకుండా మెల్లగా తగ్గాలి. సన్నని తీగల్లో రియాక్టివ్ పవర్ ఒక్కటే చాలదు. అందుకని సోలార్ ఎక్కువున్న వీధుల్లో తీగల మందం పెంచాలి, సింగిల్ ఫేజ్ ఇళ్లను మూడు ఫేజులకూ సమంగా పంచాలి, అవసరమైన ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద ఉమ్మడి బ్యాటరీ పెట్టాలి. స్మార్ట్ మీటర్లు వోల్టేజీని ఎలాగూ నమోదు చేస్తాయి. ఆ లెక్కలు వినియోగదారుడికి కనబడాలి, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కార్యాలయంలో పరిశీలనకు రావాలి. వోల్టేజీ వల్ల నష్టపోయిన యూనిట్లకు పరిహారం చెల్లించే విధానాన్ని విద్యుత్ నియంత్రణ మండలి రూపొందించాలి.

ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ప్రతులు విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ యాజమాన్యానికి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి, జిల్లా కలెక్టర్‌కు పంపాలని నిర్ణయించడమైనది.