నడక సరే, కండల సంగతేమిటి?

తెల్లవారుజామున జూబ్లీ పార్కుకి వెళితే జంషెడ్‌పూర్ ఊరంతా నడుస్తున్నట్టే ఉంటుంది. కదమా, సోనారి, బిష్టుపూర్ నుంచి వచ్చే రిటైరైన ఉద్యోగుల మధ్య తెలుగు మాటలూ చెవిన పడతాయి. 1912లో ఇక్కడి కర్మాగారంలో మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. ఆ తర్వాత పని వెతుక్కుంటూ టాటానగర్ స్టేషన్లో దిగిన వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఎన్నో. ఆ కుటుంబాల మూడో తరం వాళ్ళు ఇప్పుడు షుగరు మాత్ర వేసుకుని, బూట్లు కట్టుకుని, రోజూ గంట నడుస్తున్నారు.

నడకని తప్పుపట్టడం లేదు. అయితే ఆ గంట పూర్తయ్యాక బెంచీ మీద కూర్చున్న పెద్దాయన తిరిగి లేచేటప్పుడు చూడండి. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకి వంగి, ‘రామా’ అనుకుంటూ లేస్తారు. గుండెకి కావలసిన వ్యాయామం అందింది. తొడలకి అందలేదు.

డాక్టరు చీటీ మీద ‘వాకింగ్’ అని ఒక్క మాట రాసి ఊరుకోవడం అసంపూర్తి వైద్యమని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అన్న మొదటి సగం అందరికీ చేరింది. వారంలో కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే కసరత్తు చేయాలన్న రెండో సగం దారిలోనే తప్పిపోయింది. 65 ఏళ్ళు దాటిన వాళ్ళు బలం, నిలకడ పెంచే కసరత్తులు మూడు రోజులు చేయాలని కూడా అందులో ఉంది.

వయసుతో పాటు కండ తరుగుతుంది, బలం అంతకన్నా వేగంగా తరుగుతుంది. కండరంలో నెమ్మదిగా పనిచేసే పోగులు, చురుగ్గా పనిచేసే పోగులు అని రెండు రకాలున్నాయి. ముసలితనంలో ఎక్కువగా చిక్కిపోయేవి చురుకైనవే. తడి బాత్‌రూములో కాలు జారినప్పుడు క్షణంలో మనిషిని నిలబెట్టేవీ అవే. మామూలు నడకలో వాటికి పెద్దగా పని ఉండదు. బరువు ఎత్తినప్పుడో, మెట్లెక్కినప్పుడో, గుంజీలు తీసినప్పుడో అవి మేలుకుంటాయి. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్ళు లేని వీధి ఉందా?

‘ఈ వయసులో బరువులా?’ అనే వాళ్ళకి ఒక పాత ప్రయోగం చెప్పాలి. 1990లో మరియా ఫియాటరోన్ బృందం అమెరికాలో, సగటున 90 ఏళ్ళున్న పదిమంది వృద్ధాశ్రమవాసుల చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించింది. ఆ శిక్షణ పూర్తి చేసిన వాళ్ళలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ప్రయోగం చిన్నదే, కానీ కండరానికి రిటైర్‌మెంటు లేదని తేల్చింది.

మనవాళ్ళకి ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్‌కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి సన్నంగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అన్నది దక్షిణాసియా వాళ్ళ తీరు. తిన్న అన్నం తాలూకు గ్లూకోజు ఎక్కువగా చేరాల్సింది కండరాల్లోకే. గోదామే చిన్నదైతే సరుకు బయటే పడి ఉంటుంది. పైగా పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజుని లోపలికి తీసుకోగలదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. ఆ మాట విన్నాక కూడా కండల సంగతి కుర్రాళ్ళ జిమ్ముకే వదిలేయడం నాకు అర్థం కాదు.

ఈ ఊళ్ళో తరచూ వినిపించే జవాబు ఒకటుంది: ‘ముప్పై ఏళ్ళు మిల్లులో ఒళ్ళు హూనం చేసుకున్నాం, మళ్ళీ కసరత్తా?’ ఆ శ్రమకి దండం పెట్టాల్సిందే. కానీ శ్రమ వేరు, శిక్షణ వేరు. షిఫ్టులో ఒకే రకం బరువు గంటల తరబడి మోయాలి, ఒళ్ళు కోలుకునే వ్యవధి ఉండదు. శిక్షణలో కాసేపే గట్టిగా చేసి, ఒకటి రెండు రోజులు విశ్రాంతినిచ్చి, బరువు కొద్దికొద్దిగా పెంచుతారు. ముప్పై ఏళ్ళనాడు ఉన్న బలం అరవై ఏళ్ళకి నిలవ ఉండదు కూడా.

ఆడవాళ్ళ మాటకొస్తే, మెనోపాజ్ తర్వాత ఎముక వేగంగా పలచబడుతుంది కాబట్టి వాళ్ళకే ఈ అవసరం ఎక్కువ. మొహమాటమూ వాళ్ళకే ఎక్కువ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పెరిగింది శ్రీకాకుళం జిల్లాలోనే. ఇదే జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలతా అగర్వాల్ బచేంద్రీ పాల్ దగ్గర శిక్షణ పొంది, 2011లో 48 ఏళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కారు. అందరూ కొండలెక్కనక్కర్లేదు. రెండో అంతస్తుకి బియ్యం సంచి మోసుకెళ్ళగలిగితే చాలు.

ఎంతసేపు చేయాలి? 2022లో జపాన్ పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి చూశారు. కండబలం పెంచే వ్యాయామం చేసేవాళ్ళలో మరణాలు, గుండెజబ్బు, మధుమేహం లాంటివి 10 నుంచి 17 శాతం తక్కువగా కనిపించాయి. చాలావాటిలో ఎక్కువ లాభం వారానికి 30–60 నిమిషాల దగ్గరే కనిపించింది. ఇవి పరిశీలన అధ్యయనాలే, కాబట్టి అంతా కసరత్తు మహిమే అనలేం. అయినా వారానికి ఒక గంట పెద్ద ఖరీదేమీ కాదు.

పరికరాలూ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి దండీలు, నీళ్ళు నింపిన సీసాలు ఎత్తడం. ఇంకో రెండు మూడుసార్లు మాత్రమే చేయగలం అనిపించే దాకా చేయాలి, లేకపోతే ఫలితం అంతంతమాత్రం. ఊపిరి బిగబట్టకూడదు. బీపీ అదుపులో లేనివాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, షుగరుతో కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి. పళ్ళెంలో పప్పు, పెరుగు, గుడ్డు పాలు కాస్త పెరగాలి.

ఉగాదికి, శ్రీరామనవమికి నిండే తెలుగు సంఘాల హాళ్ళు మిగతా ఉదయాలు ఖాళీగానే ఉంటాయి. వారంలో రెండు రోజులు నలభై కుర్చీలు వేసి, నేర్పేవాళ్ళని ఒకరిని పిలిస్తే పని మొదలైనట్టే. మొదటిరోజు చేయాల్సిన పరీక్ష కూడా తేలికే. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు ప్రకారం 12 సెకన్లు, అంతకుమించి పడితే కండరాల పనితీరు తగ్గుతోందని అనుమానించాలి. జూబ్లీ పార్కు బెంచీ మీద కూడా చేసి చూసుకోవచ్చు.