కుందేటి వార్ధక్యము – మన కర్తవ్యము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పట్టణములలో పిల్లల ముచ్చట తీర్చుటకై కుందేళ్లను పెంచు గృహములు కలవు. తెచ్చిన నాడు అది అరచేత నిముడు దూదిపింజ. అదియు మన ఇంటనే ముసలిదగునను సంగతి మనకు తోచదు.

పండ్లు చూచి ఎద్దు వయసు చెప్పుట మన రైతులెరిగిన విద్య. కుందేటి విషయమున ఆ విద్య చెల్లదు. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. కావున దాని నడవడినే గమనింపవలెను. చక్కగా సాకినచో కుందేలు 8 మొదలు 12 సంవత్సరముల వరకు జీవించును. అయిదారేండ్లు దాటిన పిదప వార్ధక్య చిహ్నములు క్రమముగా పొడచూపును. గెంతుటకు వెనుదీయుట, అధికముగా నిద్రించుట, వెన్నెముక చేతికి తగులునంతగా చిక్కుట, కన్నులు మసకబారుట, ఒడలు శుభ్రపరచుకొనలేకుండుట అందు ముఖ్యములు.

ఈ చిహ్నములను చూచి, "ముసలిదైనది, మనమేమి చేయగలము?" అని ఊరకుండుట తగదని మా అభిప్రాయము. ఇతర జంతువుల వాతబడు జాతి యగుటచే కుందేలు తన బాధను దాచుకొనును. గెంతకుండుటకు కీళ్ల నొప్పి కారణము కావచ్చును. చిక్కిపోవుటకు దవడ పండ్లు వంకరగా పెరుగుట కారణము కావచ్చును. వయసు మీరిన ఆడ కుందేళ్లకు గర్భాశయపు క్యాన్సరు తరచుగా వచ్చును. ఇవి వయసుతో వచ్చునవే యైనను, వైద్యమునకు లొంగునవియు, ఉపశమింపదగినవియు వీనిలో పెక్కు కలవు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు, అన్నిటికిని వయసే కారణమని మొండిగా వాదించుట ఆ మూగజీవికి అపకారము చేయుటయే. విజయనగరము జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలయే యున్నది. పండ్రెండు గంటలు మేత ముట్టకున్నను, పెంటికలు వేయకున్నను మరునాటి కొరకు వేచియుండక పశువైద్యునికి చూపవలెను.

ఇంట మనము చేయదగినవి స్వల్పములే. నెలకొకమారు తూచి బరువు వ్రాసియుంచవలెను. ఇనుపతీగల గూటిలో అరికాళ్లు పుండ్లు పడును గనుక మెత్తగా గడ్డి పరువవలెను. మేతయు నీరును కష్టపడక అందునట్లు దగ్గరనుంచవలెను. గరికయు ఎండుగడ్డియు ఎల్లప్పుడు ఉండవలెను. వానిని నమలుట వలననే పండ్లు అరుగును. కుందేలు చెవుల ద్వారా వేడిని వెలిబుచ్చునే గాని చెమటచే చల్లబడలేదు. మన సముద్రతీరపు మే నెల ఉక్క ముసలి కుందేటికి ప్రాణాంతకము కాగలదు. నీడ, గాలి, చల్లని గచ్చు దానికి అవసరములు.

భారమైనదని కొండ దిగువన తోటలలో విడిచిపెట్టుట దయ యనిపించుకొనదు. మనుష్యుల చేతి మేతకు అలవాటుపడిన ప్రాణి అచట కుక్కల పాలగును. ముచ్చటపడి తెచ్చుకొన్న ప్రాణిని ముదిమియందును సాకుట మన విధి. ఇంటిలోని పిల్లలు మనలను చూచియే నేర్చుకొనుచున్నారని మరువరాదు.