పట్టిక చెప్పని మాట

ఆల్ ఇంగ్లండు బాడ్మింటను పోటీల పట్టికలో 1947వ సంవత్సరమునకెదురుగా, పురుషుల సింగిల్సునందు స్వీడను దేశీయుడగు జెప్సెను మన ప్రకాశ్ నాథును 15-7, 15-11తో ఓడించెనని యున్నది. ఈ అంకెలు చూచి మీరతనిని తక్కువ ఆటగాడని యెంచరాదు.

ప్రకాశ్ నాథు లాహోరువాడు. తుది ఆటనాటి ఉదయమున లండనులో వార్తాపత్రిక తెరవగా, మతకలహములలో తన ఊరు తగులబడుచున్న వార్త కంటబడెను. అట్టి మనస్సుతో రాకెట్టు చేతబట్టి నిలుచుటయే సామాన్యము కాదు.

అంతకుముందు తోటి భారతీయుడైన దేవీందర్ మోహనుతో తలపడవలసి రాగా, ఇరువురును ఆడక, నాణెమెగురవైచి ముందుకు పోవువానిని నిర్ణయించుకొనిరట. ఇది నాకు సమ్మతము కాదు. ఆటను ఆడియే తేల్చుకొనవలెను. ఐనను, అచ్చట తుది ఆటకు చేరిన తొలి భారతీయుడతడే. ఆ బిరుదము మనకు దక్కుటకు, 1980లో ప్రకాశ్ పదుకోణె గెలుచువరకు, 33 ఏండ్లు పట్టెను.