కిక్కు కొట్టే ముందు

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. అయినా, అక్కడ తయారైన యెజ్డీ మోటారుసైకిళ్ళు నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి మూలనపడిన అటువంటి బండిని కొన్న కొత్తవారు ముందుగా చేసేది పెట్రోలు పోసి కిక్కు కొట్టడం. చేయరానిదీ అదే!

వాటిది టూ-స్ట్రోకు ఇంజను. చాలా నమూనాలలో పిస్టనుకు నూనె అందేది పెట్రోలుతో కలిసే. ఉత్త పెట్రోలుతో నడిపితే పిస్టను సిలిండరులో బిగుసుకుపోతుంది. చవకగా వచ్చిన బండి పాతయినుము కొట్టుకు చేరుతుంది.

కనుక ముందు పాత పెట్రోలు ఒంపివేసి, టాంకులోని తుప్పు వదిలించి, కార్బురేటరు జెట్టు శుభ్రపరచాలి. ప్లగ్గు విప్పి, సిలిండరులో కాస్త నూనె వేసి, కిక్కును చేతితో మెల్లగా నొక్కి పిస్టను కదలికను చూడాలి. ప్లగ్గులో నిప్పురవ్వ కనిపించాకే నూనె కలిపిన పెట్రోలు పోయాలి.

ఇంజను పలికినా, బ్రేకులు సరిగా పడుతున్నాయని తేలేవరకు బండి వీధి దాటరాదు.